సుండ్‌బోర్న్ నుంచి గుండ్లపోచంపల్లికి

హైదరాబాద్ శివార్లలో, మేడ్చల్ వైపు ఉన్న గుండ్లపోచంపల్లిలో కొత్త ఫ్లాటు తాళాలు చేతికొచ్చిన వారంలోపే ఇంటీరియర్ వాళ్లు ఫోన్‌కి ఒక త్రీడీ బొమ్మ పంపిస్తారు. తెల్లటి గోడలు, లేత రంగు చెక్క, బూడిద రంగు సోఫా, దాని మీద ఒకే ఒక్క దిండు, కిటికీ పక్కన నిలువెత్తు మొక్క. కింద 'స్కాండినేవియన్ థీమ్' అని రాసి ఉంటుంది. బొమ్మ బాగానే ఉంటుంది, మనుషులే ఉండరు. చెప్పులుండవు, స్కూలు బ్యాగు ఉండదు, ఆరేసిన తువ్వాలు ఉండదు, పాతిక కిలోల బియ్యం బస్తా ఉండదు. కామారెడ్డి నుంచి మోకాళ్ల నూనె సీసాతో వచ్చి నెల రోజులుండే అత్తమ్మకు అందులో కూర్చునే చోటే ఉండదు.

స్వీడన్, డెన్మార్క్, ఫిన్లాండ్ వాళ్ల ఇళ్లనుంచి మనం తెచ్చుకోవాల్సింది చాలా ఉంది. దురదృష్టం ఏమిటంటే ప్యాకేజీలో అమ్మేది ఆ ఇళ్ల రంగు మాత్రమే. ఆ ఇళ్లు అలా ఎందుకు తయారయ్యాయో తెలిస్తే, మన ఔటర్ రింగు రోడ్డు పక్క మూడు బెడ్రూముల ఇంట్లో ఏం ఉంచాలో, ఏం వదలాలో మనకే అర్థమవుతుంది. డిజైనర్‌తో మాట్లాడేటప్పుడు గొంతు కూడా కాస్త పెరుగుతుంది.

ముందు సుండ్‌బోర్న్ వెళ్దాం. స్వీడన్‌లో డాలర్నా ప్రాంతంలో చిన్న ఊరది. 1888లో కారిన్ అనే చిత్రకారిణికీ ఆమె భర్త, చిత్రకారుడు కార్ల్ లార్సన్‌కూ కారిన్ తండ్రి అక్కడొక చిన్న చెక్క ఇల్లిచ్చాడు. పుట్టింటి పసుపు కుంకుమ అనుకోండి. పిల్లలు పుట్టేకొద్దీ గదులు పెంచుకుంటూ పోయారు. కుర్చీలకు, బల్లలకు కారిన్ తానే బొమ్మ గీసి ఊళ్లో వడ్రంగులతో చేయించింది. తెరలు, దుప్పట్లు, దిండు గలీబులు తానే నేసింది, కుట్టింది. ఆ ఇంట్లో పిల్లలు అన్నం తినడం, అలిగి మూలన కూర్చోవడం, జ్వరం తగ్గి మంచం మీద లేచి కూర్చోవడం, ఇవన్నీ కార్ల్ నీటిరంగుల్లో వేశాడు. 1899లో అవి పుస్తకంగా వచ్చాయి. ఇల్లు అనే మాటే దానికి పేరు. స్కాండినేవియన్ ఇల్లు అని ప్రపంచం ఈ రోజు ఊహించుకునేదానికి మొదటి రూపం అదే అంటారు. ఆ ఇల్లు ఇప్పుడు మ్యూజియం.

మరి ఆ ఇంట్లో గోడలన్నీ తెల్లగా ఉన్నాయా? భోజనాల గది ఎరుపూ ఆకుపచ్చా. నేసిన గుడ్డల మీద కొట్టొచ్చే రంగులు. త్రీడీ బొమ్మ పంపిన కుర్రాడికి ఆ గది ఫొటో చూపిస్తే 'ఇది మన థీమ్‌కి సెట్ అవదు మేడమ్' అంటాడు. అతని తప్పు లేదు, అతను నేర్చుకున్నది కంప్యూటర్లో వచ్చే కేటలాగు.

సుండ్‌బోర్న్ దగ్గర్లోనే ఫాలున్ అనే పాత రాగి గని ఉంది. ఆ గని మిగులు మట్టిలోని ఐరన్ ఆక్సైడ్‌తో చేసిన ఎర్ర రంగునే స్వీడన్ పల్లెల్లో చెక్క ఇళ్లకు బయట పూస్తారు. మన పల్లెల్లో గోడ అడుగు భాగానికీ గడపకూ పూసే జాజు కూడా ఐరన్ ఆక్సైడ్ ఉన్న ఎర్రమట్టే. రెండు చోట్లా జనం రంగు కోసం బజారుకు పోలేదు, కాళ్ల కింద ఏముందో చూసుకున్నారు. చుట్టుపక్కల దొరికేది వాడుకో, ఇంట్లో ఉండే మనిషికి ఏం కావాలో అది చేయించు, మిగతాది పిల్లలు పెరిగేకొద్దీ చూద్దువుగాని. లార్సన్ దంపతుల ఇంటి నుంచి నేను తీసుకునేది ఇంతే. ఈ అధ్యాయంలో మిగిలిందంతా దీన్ని మేడ్చల్ ఎండలో పెట్టి చూడటమే.

ఎండ గురించే ముందు మాట్లాడాలి, ఎందుకంటే అందరూ పొరబడేది అక్కడే. స్టాక్‌హోం 59వ అక్షాంశం మీద ఉంది. డిసెంబరు చివర అక్కడ పగలు ఆరు గంటలే. మిట్ట మధ్యాహ్నం కూడా సూర్యుడు ఇళ్ల కప్పుల పక్కనుంచి వంగి చూసి వెళ్లిపోతాడు. అందుకే వాళ్లు గోడలకు తెలుపు వేసి, కిటికీలకు తెరలు తగ్గించి, దొరికిన ప్రతి వెలుగు చుక్కనూ గదిలో తిప్పుకుంటారు. మనం పదిహేడున్నర దగ్గర ఉన్నాం. డిసెంబరులోనూ మనకు పదకొండు గంటల పగలుంటుంది. మే, జూన్‌లలో మధ్యాహ్నపు సూర్యుడు నడినెత్తి దాటి కాస్త ఉత్తరానికి కూడా వెళ్తాడు. అంటే ఉత్తరం వైపు కిటికీలోకి కూడా ఎండ తొంగి చూస్తుంది. వాళ్లకు వెలుగు కరువు, మనకు వెలుగు జాతర. అక్కడి తెలుపును తెచ్చి ఇక్కడ పడమటి గదికి వేస్తే మధ్యాహ్నం మూడింటికి కళ్లు చికిలించుకుని కూర్చోవాలి.

తెలుపు వద్దని కాదు. పాలమీగడలా, కాస్త పసుపో బూడిదో కలిసిన తెలుపు ఎంచుకోండి. ఉత్తరం, తూర్పు గదులకు కాస్త వెచ్చగా కనిపించే తెలుపు, పడమరకు కాస్త మసక తెలుపు. పెయింటు షాపులో చిన్న అట్ట ముక్క చూసి నిర్ణయించకండి. చిన్న డబ్బా కొని రెండు చేతుల వెడల్పున గోడకు పూసి, పొద్దున, మధ్యాహ్నం, రాత్రి లైటు వేశాక చూడండి. ఒకే రంగు మూడు పూటలా మూడు రకాలుగా ఉంటుంది.

ఇంకొకటి. గుండ్లపోచంపల్లిలో ఎటు చూసినా ఏదో ఒక కట్టడం లేస్తూనే ఉంటుంది. జాతీయ రహదారి 44 దగ్గర్లోనే. దుమ్ము రోజూ ఇంట్లోకి వస్తుంది. చిన్నపిల్లలున్న ఇంట్లో గోడకు పసుపు చేతులు, క్రేయాన్లు తప్పవు. అందుకని నేల నుంచి మూడడుగుల ఎత్తు వరకు గోడకు వేరే ముదురు రంగు, తుడిచినా పోని రకం పెయింటు వేయించండి. జాజు ఎరుపు, ఇటుక రంగు, సముద్రపు ఆకుపచ్చ, మీ ఇష్టం. పైన మీగడ తెలుపు. మన పల్లెటూరి గోడకు ఉండేది ఈ పట్టీయే, స్వీడన్ పాత ఇళ్ల గదుల్లోనూ గోడ కింది భాగానికి ఇలాగే విడిగా రంగు వేసేవారు. మీ ఇంటికి ఎవరైనా వచ్చి ఇది ఏ స్టైల్ అని అడిగితే ఏ పేరు చెప్పినా చెల్లుతుంది.

కిటికీలకు మందపాటి రెండు పొరల తెరలు హోటల్ గదులకు బాగుంటాయి. ఇంటికి మంగళగిరి నేతో, నారాయణపేట నేతో, పొందూరు ఖద్దరో, ఏదో ఒక నూలు గుడ్డ చాలు. వెలుగు వడగట్టి లోపలికి వస్తుంది, గాలి ఆగదు, ఇంట్లో మిషన్లో ఉతుక్కోవచ్చు. పడమటి బాల్కనీకి మాత్రం వెదురు తెర బయటివైపు వేయండి. ఎండను అద్దం దాటకముందే ఆపాలి. లోపల ఎంత మంచి తెర వేసినా అప్పటికే వేడి గదిలోకి వచ్చేసి ఉంటుంది.

కొలత టేపుతో ఒక వారం

స్వీడన్‌లో 1944లో ఇళ్ల పరిశోధనకని ఒక సంస్థ పెట్టారు. ఇంటిపని చేసే ఆడవాళ్లు వంటగదిలో ఎన్నిసార్లు వంగుతున్నారు, ఎంత దూరం నడుస్తున్నారు, గట్టు ఎంత ఎత్తుంటే నడుం నొప్పి పుట్టదు, గిన్నెలు ఎక్కడుంటే చేతికందుతాయి, ఇవన్నీ కొలిచారు. తర్వాత ఆ దేశపు వంటగదుల కొలతలకు ఆ పరిశోధనే పునాది. దీని మీద వ్యంగ్యంగా 2003లో నార్వేజియన్ దర్శకుడు బెంట్ హామర్ ఒక సినిమా తీశాడు. అందులో స్వీడన్ నుంచి వచ్చిన ఒక పరిశోధకుడు నార్వే పల్లెలో ఒక ఒంటరి మగవాడి వంటగదిలో ఎత్తు కుర్చీ వేసుకుని కూర్చుని, మాట్లాడకుండా అతన్ని గమనిస్తుంటాడు. నవ్వొస్తుంది గానీ, స్కాండినేవియన్ ఇంటి నిదానం వెనక ఇంత మొండి లెక్క ఉంది. అందంగా కనిపించే ఆ ఖాళీ ఊరికే రాలేదు. ఏది ఎక్కడ పెట్టాలో తేలాక మిగిలిన ఖాళీ అది.

మీరూ ఒక వారం ఆ పరిశోధకుడి పని చేయండి. ఇంట్లో ఇప్పటికే ఉంటున్నవారైతే మరీ మంచిది. అద్దె ఇంట్లో ఉంటూ కొత్త ఇల్లు సర్దుకోబోతుంటే అద్దె ఇంట్లోనే చేయండి. వస్తువులు ఎక్కడ ఉండాలో చూడకండి, ఎక్కడ పడుతున్నాయో చూడండి. స్కూటీ తాళం ఎక్కడ పడుతోంది? సాయంత్రం టిఫిన్ డబ్బాలు ఎక్కడ దిగుతున్నాయి? మడత పెట్టాల్సిన బట్టల కుప్ప ఏ కుర్చీ మీద పెరుగుతోంది? (ప్రతి ఇంట్లో అలాంటి కుర్చీ ఒకటుంటుంది. దాని మీద ఎవరూ కూర్చోగా నేను చూడలేదు.) ఛార్జర్లు ఏ ప్లగ్గు దగ్గర చిక్కుపడుతున్నాయి? ఇవన్నీ కాగితం మీద ఇంటి నక్ష గీసి చుక్కలు పెట్టండి. చుక్కలు గుంపుగా ఉన్నచోటే అలమరా కావాలి, కొక్కెం కావాలి, బుట్ట కావాలి. ఇంటీరియర్ వాళ్ల బొమ్మలో టీవీ చుట్టూ పన్నెండు అడుగుల ప్యానెల్ ఉండి, గుమ్మం దగ్గర కొక్కెం ఒక్కటీ లేకపోతే వాళ్లకు మీ ఇల్లు తెలియదని అర్థం.

గుమ్మం దగ్గర మనకూ వాళ్లకూ ఒకటే అలవాటు. స్వీడన్‌లోనూ ఇంట్లోకి వచ్చేవాళ్లు బూట్లు బయటి గదిలోనే విప్పుతారు. అందుకే అక్కడ ప్రతి ఇంట్లో గుమ్మం పక్కన ఒక బల్ల, పైన కొక్కేల వరుస, కింద బూట్ల చోటు ఉంటాయి. మన గేటెడ్ కమ్యూనిటీల్లో చెప్పులు కారిడార్‌లో పెట్టొద్దని అసోసియేషన్ వాళ్లు వాట్సాప్‌లో హెచ్చరిస్తూనే ఉంటారు. మోకాలి ఎత్తు బల్ల ఒకటి చేయించండి, కింద జాలీ పలకలు రెండు వరుసలు, గాలి తగలాలి. పెద్దవాళ్లు కూర్చుని చెప్పులు వేసుకుంటారు. పైన కొక్కేలు రెండు ఎత్తుల్లో వేయించండి, ఒకటి పెద్దలకు, ఒకటి ఐదేళ్ల పిల్లకు అందేలా. ఆ పిల్ల బ్యాగు సోఫా మీద పడేయడం ఎప్పుడు మానిందో మీకే తెలియదు.

వంటగదిలో గట్టు ఎత్తు బిల్డర్ నిర్ణయించేశాడని వదిలేయకండి. మోచేయి వంచి నిలబడితే, మోచేతి కింద నాలుగు నుంచి ఆరు అంగుళాలు తగ్గించి గట్టు ఉంటే కూర తరగడానికి బాగుంటుంది. ఎక్కువగా వండే మనిషి ఎవరో వాళ్ల మోచేతినే కొలవండి. జాడీలకు, బియ్యం డ్రమ్ముకు, గ్రైండర్‌కు ముందే చోటు రాసుకోండి. ఇవి దాచుకోవాల్సిన పేదరికపు గుర్తులేమీ కాదు. ఆవకాయ జాడీలు వరుసగా కనబడే అర ఒకటి ఉంటే, డెన్మార్క్ ఇళ్లలో పింగాణీ కనబడేలా పెట్టుకునే అరల కన్నా ఏం తక్కువ?

కూర్చోవడం, పడుకోవడం, నేల మీద కూర్చోవడం

ఫిన్లాండ్ ఆర్కిటెక్ట్ ఆల్వార్ ఆల్టో 1933లో మూడు కాళ్ల ముక్కాలిపీట ఒకటి తయారుచేశాడు. బర్చ్ చెక్క కాళ్లు వంచి, గుండ్రటి పలకకు బిగించాడు. ఒకదాని మీద ఒకటి పేర్చి మూలకు పెట్టుకోవచ్చు. అవసరమైతే మంచం పక్క బల్ల, లేకపోతే మొక్క పెట్టుకునే పీట. తొంభై ఏళ్లు దాటినా ఇంకా తయారవుతోంది. మన ముక్కాలిపీట కూడా అదే లెక్క. మూడు కాళ్లది ఎత్తుపల్లాల నేల మీద కదలకుండా నిలబడుతుంది. మామిడి చెక్కతోనో టేకుతోనో అలాంటివి నాలుగైదు చేయించుకోండి. సెంటర్ టేబుల్ అనే ఆ బరువైన గాజు బండ అవసరమే ఉండదు.

ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ మన హాలు సమస్య ఇక్కడే ఉంది. మామూలు రోజు అందులో నలుగురుంటారు. దసరాకు ముందు బతుకమ్మ పేర్చే పూట తంగేడు, గునుగు పువ్వులు పరుచుకోవడానికి నేలంతా ఖాళీగా కావాలి. వరలక్ష్మీవ్రతానికి ఇరవై మంది వస్తారు. పండుగకు ఊరి నుంచి వచ్చినవాళ్లు ఎనిమిది మంది అక్కడే పడుకుంటారు. ఎల్ ఆకారంలో గోడకు అంటుకుపోయిన సోఫా ఈ మూడింటికీ అడ్డమే. ఒక మనిషి ఒక చేత్తో జరపగలిగే సామాను మంచిది. రెండు సీట్ల సోఫా ఒకటి, చెక్క కుర్చీలు రెండు, ఒక దివాన్, మిగతావి ముక్కాలిపీటలు. రాత్రికి దివాన్ అత్తమ్మ మంచమవుతుంది.

డెన్మార్క్‌లో 1947లో బోర్గె మోగెన్సెన్ సహకార సంఘం కోసం ఒక కుర్చీ గీశాడు. మామూలు ఉద్యోగులు కొనగలగాలన్నది షరతు. చెక్క చట్రం, కూర్చునే చోట కాగితపు తాడు అల్లిక, అంతే. యుద్ధకాలంలో అల్లికకు వాడే సముద్రపు గడ్డి దొరక్కపోతే కాగితాన్ని పురిపెట్టి వాడటం వాళ్లకు అలవాటైంది. మనకు నులక ఉంది, నవారు ఉంది, పేము జాలీ ఉంది. మీ నాయినమ్మ వాళ్ల ఇంట్లో అటక మీద టేకు కుర్చీ ఒకటి అల్లిక తెగి పడి ఉండొచ్చు. ఆ కుర్చీని తెచ్చి నల్లబడిన పాత పాలిష్‌ను సాండ్‌పేపర్‌తో గీకించండి. లోపల తేనె రంగు చెక్క బయటపడుతుంది. దాని మీద మెరిసే మెలమైన్ పాలిష్ వేయనివ్వకండి. అవిసె నూనె పలచగా రెండు మూడు పొరలు రుద్దితే చాలు. డెన్మార్క్‌లో ఓక్ కుర్చీలను సబ్బు నీళ్లతో తుడిచి తుడిచి మెత్తని మెరుపు తెప్పించడం పాత పద్ధతి, వాళ్లు కూడా మెరుపును పైన పూయరు. పేము అల్లిక కొత్తగా వేసేవాళ్లు నగరంలో ఇంకా ఉన్నారు. ఎర్రగడ్డ సండే మార్కెట్, జుమ్మెరాత్ బజార్ తిరిగే ఓపిక ఉంటే పాత చెక్క సామాను దొరుకుతుంది. ఒక షరతు: చెదలు పట్టిన చిల్లులున్నాయేమో అడుగు భాగం తిప్పి చూడకుండా కొనకండి.

కొత్తగా చేయించేవాటికి చెక్క మాటొకటి. వార్డ్‌రోబ్‌లకు, వంటగదికి ప్లైవుడ్ వాడేటప్పుడు పలక మీద ఐఎస్ 303 అని ఉందో, ఐఎస్ 710 అని ఉందో అడిగి చూడండి. సింకు కిందకి, యుటిలిటీ వైపుకి 710 రకమే. పార్టికల్ బోర్డు నీళ్లు తగిలితే ఉబ్బుతుంది, వంటగది నుంచి దూరంగా ఉంచండి.

ఐకియా మాట రాకుండా ఈ అధ్యాయం ఎలాగూ పూర్తికాదు. ఇంగ్వర్ కాంప్రాడ్ పదిహేడేళ్ల వయసులో, 1943లో, స్వీడన్ పల్లెలో మొదలుపెట్టిన ఆ కంపెనీ మన దేశంలో తొలి దుకాణం తెరిచింది హైదరాబాద్‌లోనే, 2018 ఆగస్టు 9న, హైటెక్ సిటీ పక్కన. దాదాపు నాలుగు లక్షల చదరపు అడుగులు. ఆయన అదే ఏడాది జనవరిలో పోయాడు, ఇది చూడలేదు. తెరవడానికి ముందు ఆ కంపెనీ మనుషులు మన ఇళ్లు తిరిగి ఎలా బతుకుతున్నామో చూశారు. అది మాత్రం అచ్చంగా స్వీడన్ పద్ధతే. గుండ్లపోచంపల్లి నుంచి ఔటర్ ఎక్కి వెళ్లేవాళ్లకు నా సలహా: అక్కడ నమూనా గదుల్లో తిరిగి కూర్చోండి, కొలతలు రాసుకోండి, ఫొటోలు తీసుకోండి. డబ్బాలు, బుట్టలు, కొక్కేలు, పిల్లల చిన్న బల్ల, దీపాల గొట్టాలు అక్కడ కొనండి. భోజనాల బల్ల, మంచం, బోషాణం లాంటి తరాలుండేవి మాత్రం మీకు తెలిసిన వడ్రంగి చేత గట్టి చెక్కతో చేయించండి. నమూనా గదిని గదిగా మొత్తం కొనేసి ఇంట్లో దించుకోకండి. ఆ గది దుకాణం వాళ్ల ఇల్లు.

వెచ్చదనం ఎక్కడిది

అక్కడి ఇళ్లలో నేల మీద గీతల గీతల గుడ్డ పట్టాలు చూస్తాం. పాత బట్టలను పీలికలు చేసి మగ్గం మీద నేసినవి అవి. చిరిగిన చొక్కా, పాత దుప్పటి, అన్నీ అందులోకే. మనకు బొంత తెలుసు. అమ్మ పాత చీరలు పొరలు పొరలుగా పెట్టి కుట్టినది. ఫ్లాట్‌లోకి వచ్చాక బొంతను అటక మీదకు ఎక్కించి ఆన్‌లైన్‌లో పాలిస్టర్ తివాచీ కొంటున్నాం. బొంతను దివాన్ మీద పరవండి. నేలకు వరంగల్ జంపఖానా వేయండి. దానికి 2018లో జీఐ గుర్తింపు కూడా వచ్చింది. నూలుది, దులిపి ఎండలో వేస్తే చాలు, మన దుమ్ముకు తగినది. గుండ్లపోచంపల్లిలో అపారెల్ పార్కు ఉంది, బట్టల పని తెలిసిన మనుషులున్న ఊరిది. పీలికలతో దిండు గలీబులు కుట్టించుకోవడానికి ఎక్కడికో పోనక్కర్లేదు, ఇంటి దగ్గరి టైలరమ్మను అడగండి.

ఉన్ని దుప్పటి స్కాండినేవియన్ ఇంటికి గుర్తు. మన ఎండలో అది ఎందుకు అంటారు. మనకు గొంగడి లేదా? దక్కనీ గొర్రెల ఉన్నితో కురుమలు నేసేది, గొర్రెల కాపరికి వానలో గొడుగు, చలిలో దుప్పటి. గరుకుగా ఉంటుంది కాబట్టి ఒంటికి కాదు, కుర్చీ కింద నేలకో, గోడకు వేలాడదీయడానికో వాడండి. నలుపు, బూడిద, గోధుమ రంగులు సహజంగా ఉన్నివే, ఏ తెల్లగోడ ముందైనా నప్పుతాయి. వానాకాలం ముందు ఎండలో వేసి, మడతల్లో వేపాకు పెట్టండి, పురుగు చేరదు.

దీపాల దగ్గర మాత్రం వాళ్ల దగ్గర పూర్తిగా నేర్చుకోవాల్సిందే. మన హాల్లో నడి కప్పుకు గుండె మీద కొట్టినట్టు వెలిగే తెల్ల లైటు ఒకటి ఉంటుంది. రాత్రి పదింటికి కూడా బ్యాంకు కౌంటర్ లాగా. డెన్మార్క్‌కు చెందిన పౌల్ హెన్నింగ్సెన్ అనే ఆయన 1920ల మధ్యలో, విద్యుద్దీపాలు ఇళ్లలోకి వచ్చిన కొత్తలో, ఒకే పట్టుదల పట్టాడు: కూర్చున్న మనిషి కంటికి బల్బు నేరుగా కనబడకూడదు. పొరలు పొరలుగా మూడు మూకుళ్లు పేర్చినట్టున్న దీపం చేశాడు. వెలుగు మూకుళ్ల మీద పడి మెత్తబడి బయటికి వస్తుంది. ఇప్పటికీ ఆ నమూనా అమ్ముడవుతోంది. ధర మనకు అందదు, సూత్రం ఉచితం.

హాల్లో ఒక పెద్ద లైటు బదులు నాలుగైదు చిన్నవి, వేరువేరు ఎత్తుల్లో, వేరువేరు స్విచ్‌లతో. చదువుకునే కుర్చీ వెనక ఒకటి, దివాన్ పక్క ముక్కాలిపీట మీద ఒకటి, భోజనాల బల్ల మీదికి వేలాడేది ఒకటి (బల్ల నుంచి రెండు, రెండున్నర అడుగుల ఎత్తులో, ఎదుటి మనిషి ముఖం కనబడాలి). ఎల్ఈడీ డబ్బా మీద కెల్విన్ అంకె చూడండి. 2700, 3000 అంటే దీపం రంగు. 6500 అంటే ట్యూబులైటు తెలుపు. పడకగదులకు, హాలుకు మొదటివి. పిల్లలు చదువుకునే బల్లకు, వంటగది గట్టుకు 4000. ఎలక్ట్రీషియన్ 'మేడమ్, పసుపు లైటు డల్‌గా ఉంటది' అంటాడు. ఒక గదికి పెట్టి చూపించమనండి, వాదించకండి.

ఫాల్స్ సీలింగ్ గురించి నా మాట మొరటుగా ఉంటుంది: వద్దు. కప్పు అరడుగు కిందికి దిగుతుంది, దాంతో ఫ్యానూ దిగుతుంది, లైట్లు దాచే ఆ గుంటల్లో దుమ్ము పేరుకుంటుంది, నిచ్చెన వేసి తుడిచేవాళ్లు ఉండరు. ఆ డబ్బుతో రెండు మంచి కుర్చీలు వస్తాయి. ఏసీ పైపు, తీగలు దాచడానికి ఒక గోడ వెంబడి చిన్న పెట్టె కట్టించుకుంటే చాలు.

మొక్కల విషయం అందరికీ తెలిసిందే. మనీప్లాంటు, తులసి, స్నేక్ ప్లాంటు, అంతకుమించి పెంచాలంటే నీళ్లు పోసే మనిషి ఎవరో ముందు తేల్చుకోండి.

దేవుడి గది దగ్గర చాలామంది డిజైనర్లు తడబడతారు. తెల్లగోడల ఇంట్లో ఎర్రటి కుంకుమ, ఇత్తడి, పూలదండలు, ఫొటోలు ఎలా ఇముడుతాయి అని. కార్ల్ లార్సన్ భోజనాల గదిని గుర్తు తెచ్చుకోండి. ఇంట్లో రంగు అంతా ఒకచోట చిక్కగా చేరితే మిగతా ఇల్లు దానికి నేపథ్యం అవుతుంది. పెంబర్తి ఇత్తడి దీపం, ఎర్ర గోడ, పైన చెరియాల పటం ఒకటి. దాన్ని గాజు తలుపు వెనక దాచకండి. పొగకు వెంటిలేషన్, కింద నూనె మరకలు తుడవడానికి తాండూరు బండ, అంతే చూసుకోవాలి.

చివరగా, తొందర పడకపోవడం గురించి. వియన్నా దగ్గరి బాడెన్‌లో పుట్టిన ఆర్కిటెక్ట్ జోసెఫ్ ఫ్రాంక్ 1933లో స్వీడన్ చేరాడు. యూదుడు, ఆస్ట్రియాలో రోజులు చెడుతున్నాయి. స్టాక్‌హోంలో స్వెన్స్‌క్ట్ టెన్ అనే దుకాణానికి, ఎస్ట్రిడ్ ఎరిక్సన్ అనే ఆవిడతో కలిసి, దశాబ్దాలపాటు గుడ్డలు, సామాను గీశాడు. పక్షులు, ఆకులు, పళ్లు, గదంతా పూదోటలా ఉండే గుడ్డలు. ఇంటిని ఒకేసారి ఒకే పద్ధతిలో గీసి పూర్తి చేయకూడదని ఆయన వాదన. మనకు నచ్చినవి ఒకచోట చేరితే వాటంతటవే కలిసిపోతాయి, యాదృచ్ఛికంగా పుట్టినట్టు ఉండాలి అన్నాడు. స్వీడన్ ఆధునిక ఇంటిని తీర్చిదిద్దిన పెద్దల్లో ఈయన ఒకడు, మరి మన థీమ్ ప్యాకేజీ నెలన్నరలో పూర్తి చేసిస్తామంటుంది.

అందుకని గృహప్రవేశానికి కావాల్సినవి మాత్రం సిద్ధం చేసుకోండి: వంటగది, మంచాలు, గుమ్మం బల్ల, దేవుడి గది, పడమటి వెదురు తెర. మిగతాదానికి ఆరు నెలలు ఆగండి. ఒక వేసవి, ఒక వానాకాలం ఇంట్లో గడిస్తే ఎండ ఎక్కడ పడుతుందో, అందరూ ఎక్కడ చేరుతున్నారో తెలుస్తుంది. చూడటానికి వచ్చిన పెదనాన్న 'ఇంకా ఇల్లు పూర్తి కాలేదారా?' అంటే, 'వచ్చే దసరాకు చూద్దాం పెదనాన్నా' అనండి. గోడలకు మేకులు కొట్టే పని అప్పటిదాకా ఆపండి. ఏ ఫొటో ఎక్కడ బాగుంటుందో ఆ కొలతలో పాత పేపర్ కత్తిరించి టేపుతో అంటించి, వారం పదిరోజులు దాని ముందునుంచి తిరగండి. ఫొటో మధ్యభాగం నేల నుంచి అయిదడుగుల లోపే ఉండాలి. హాల్లో ఎక్కువసేపు నేల మీద కూర్చునే ఇల్లయితే ఇంకో అడుగు దించండి. కుడిపక్కకు రెండు అంగుళాలు జరపాలనిపిస్తే, అది పేపరే కాబట్టి ఒక్క నిమిషం పని.